పట్టా, బోరు, పల్లెవెలుగు



1811 ఆగస్టులో ఇంగ్లీషు దండు జావా దీవిలో దిగింది. ఆ దండుతో మద్రాసు నుంచి వెళ్ళిన ముఖ్య ఇంజనీరు కాలిన్ మెకంజీ. యుద్ధం నెలన్నరలో తేలిపోయింది గానీ మెకంజీ మాత్రం 1813 దాకా అక్కడే ఉండిపోయాడు. జావా పల్లెల్లో భూమి ఎవరి కింద ఉంది, పంటలో సర్కారుకెంత, రైతుకెంత, ఊరిపెద్దకు ముట్టేదెంత అని ఆరా తీసే విచారణ సంఘానికి పెద్దగా ఆయన్నే పెట్టారు.

ఆయన అక్కడ ఉన్న రోజుల్లోనే ఆయన దగ్గర జీతానికున్న తెలుగు గుమాస్తాలు ఇక్కడ, నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో, ఊరూరా తిరుగుతున్నారు. ఆ పనిని నడిపించిన పెద్దమనిషి కావలి వెంకట లక్ష్మయ్య. కరణాల అరుగుల మీద కూర్చుని, పాత దండకవిలెలు విప్పించి, ఊరు ఎప్పుడు పుట్టింది, అడవి ఎవరు కొట్టించారు, చెరువు ఎవరు కట్టించారు, ఏ గుడికి ఎంత మాన్యం, పొలిమేర ఎక్కడ అని రాయించుకున్నారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్ళ కైఫీయత్తులు అట్లా తయారైనవే. కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప సి.పి. బ్రౌన్ కేంద్రం వాటిని అచ్చు వేసింది. తీరికున్నవాళ్ళు మొదటి పేజీ నుంచి చదవక్కరలేదు. తమ ఊరి పేరు వెతుక్కుని అక్కడే మొదలుపెట్టొచ్చు. దేవుడి కథతో ఎత్తుకున్న కైఫీయత్తు కూడా పది వాక్యాలు తిరిగేసరికి మాన్యాల దగ్గరికీ గట్ల దగ్గరికీ వచ్చి వాలుతుంది.

ఇప్పటికీ ఈ పడమటి కడప పల్లెల్లో బతుకు వేరు, ఆస్తి వేరు, ప్రయాణం వేరు కావు. పొద్దున ఏడు గంటల పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి ఎవరినైనా పలకరించండి. భూమి కాగితం కోసం పోతుంటాడు, లేదా నీళ్ళ కోసం. రెండూ కాదంటే ఆ రెంటికీ చేసిన అప్పు కోసం.

"యాడికి అల్లుడా, పొద్దున్నే?"

"జమ్మలమడుక్కు మామా. అడంగల్లో పేరెక్కలా."

ఈ మాట ఏ బస్సులోనైనా వినపడుతుంది. ఊరి భూముల లెక్క రాసే అడంగల్లో రైతు పేరు ఎక్కించే పద్ధతి ఎప్పటిదో చూడాలంటే మన్రో దగ్గరికి పోవాలి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాడు. ఆ ఏడే ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా డేరాల్లో మకాం పెడుతూ పొలాలు కొలిపించాడు. కొలతకు ముప్పై మూడు అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అట్లాంటివి 40 అయితే ఎకరా. ఇప్పుడీ పక్క పల్లెల్లో గుంటల లెక్క వినపడదు, సెంట్లే. అయినా ఎకరా ఎకరానే. పాలెగాళ్ళను పక్కన పెట్టి, నడుమ జమీందారు అనేవాడు లేకుండా, ప్రతి రైతు పేరు మీదా ప్రతి చేనుకూ పన్ను కట్టే రైత్వారీ పద్ధతి ఈ నేల మీద గట్టిగా పాతుకున్నది ఆయన కాలంలోనే.

ఇందులో ఒక చిత్రం ఉంది. మన్రో వెళ్ళిపోతూ, కట్టిన పన్ను రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి అని రాశాడు. పైవాళ్ళు తలాడించలేదు సరికదా, రైతుల పేర్లే తీసేసి ఊళ్ళను గుత్తకు ఇచ్చేశారు. 1808 నుంచి మూడేళ్ళ గుత్త, ఆ తర్వాత పదేళ్ళ గుత్త. గుత్తదార్లు దివాలా తీశారు, రైతులు చితికిపోయారు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే, 1814 ప్రాంతంలో, జావాను ఏలుతున్న రాఫిల్స్ అక్కడి పల్లెల్లో రైతు రైతుకూ విడిగా పన్ను కట్టే ఏర్పాటు మొదలుపెట్టాడు. దాని మీద మన్రో ఆలోచనల ముద్ర ఉంది. కడపలో మూలన పడేసిన పద్ధతి సముద్రం దాటి జావాలో మొలకెత్తిందన్నమాట. అక్కడ చేలు కొలిచిన దస్తరాలు లేక చివరికి ఊరిపెద్దల మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఇక్కడ 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ రైత్వారీ మళ్ళీ నిలదొక్కుకోలేదు.

జావా పల్లె గురించి ఇంకో రెండు ముక్కలు. అక్కడా మనలాగే నీళ్ళ మడి వేరు, వాన చేను వేరు. మడిని సావా అంటారు, చేనును తెగల్ అంటారు. ఊరిపెద్దకు జీతానికి బదులు ఊరి భూమిలోంచి కొంత సాగు చేసుకోమని ఇస్తారు. దాని పేరు బెంకోక్. మన కరణం మాన్యం, తలారి మాన్యం గుర్తున్న ముసలివాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. మన దగ్గర 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. కవిలె కట్టలు కరణం అటక మీద నుంచి దిగి ఆఫీసు బీరువాలోకి పోయాయి. కొన్ని పోలేదు కూడా. ఇప్పటికీ నడుస్తున్న కొన్ని తగాదాలకు మూలం అక్కడే.

మన్రో మీద ఈ పక్క ఒక కథ చెప్పుకుంటారు. పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటికొచ్చే గండి దగ్గర, ఆంజనేయస్వామి గుడి ఉన్నచోట, రెండు కొండల నడుమ బంగారు తోరణం ఆయనకు కనపడిందట. అది కనపడినవాడు ఎక్కువ కాలం బతకడట. 1827లో పత్తికొండలో ఆయన కలరాతో చనిపోయాడు. పన్ను వేసిన దొరకు తోరణం కనపడిందని చెప్పుకున్న జనం మనసు ఎట్లాంటిదో ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకోవచ్చు. శ్రావణ శనివారాల్లో గండికి వెళ్ళే జనంలో ఈ కథ తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక కాగితాల సంగతి. పట్టా భూమి అయితే పాసుపుస్తకం, ఒన్-బీ, అడంగల్. దానికి 1971 నాటి చట్టం ఉంది. సర్కారు పేదలకిచ్చింది డీకేటీ పట్టా. దాన్ని అమ్మితే చెల్లదని 1977లో చట్టం చేశారు. చెల్లదని తెలిసీ తెల్లకాగితం మీద అమ్మారు, తెలిసే కొన్నారు. కూతురి పెళ్ళో, ఆస్పత్రో వస్తే డీకేటీ అయినా పట్టా అయినా చేతికందేది ఆ రెండెకరాలే కదా. ఇరవై ఏళ్ళు దాటినవాటి మీద హక్కులిస్తూ 2023లో ఆ చట్టాన్ని మార్చారు.

వీటన్నిటికంటే విడ్డూరం చుక్కల భూములు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో రీసెటిల్మెంటు రిజిస్టరు రాసేటప్పుడు కొన్ని సర్వే నంబర్ల దగ్గర పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలున్న భూమిని తాత దున్నాడు, తండ్రి దున్నాడు, మనవడు రిజిస్ట్రేషనుకు పోయేసరికి ఇది నిషేధిత జాబితాలో ఉంది నాయనా, పొమ్మన్నారు. ఈ చిక్కు విప్పడానికే 2017లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. ఎప్పుడో ఒక గుమాస్తా కలం పోటు తర్వాత తరాలవాళ్ళను ఎన్నిసార్లు బస్సెక్కించిందో లెక్క వేసినవాళ్ళు లేరు.

అన్నదమ్ములు భాగాలు పంచుకునే రోజు చూడాలి ఈ పల్లెలను. పెద్దమనుషులు నలుగురు వస్తారు. చేన్లు మూడు భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో కొంత మంచి నేల, కొంత చౌడు పడేట్టు గట్టు అటూ ఇటూ జరుపుతారు. చీట్లు రాసి చెంబులో వేసి పసిపిల్లవాడి చేత తీయిస్తారు. భూమి ఇట్లా గంటలో తేలిపోతుంది. తేలనిది బోరు. ఒకే బోరు, ఒకే మోటారు, ముగ్గురు అన్నదమ్ములు. సోమవారం పెద్దోడిది, మంగళవారం నడిపోడిది అని వంతులు రాసుకుంటారు. కరెంటు రాత్రి ఇచ్చిన వారం ఎవరి వంతు, మోటారు కాలితే రీవైండింగు ఖర్చు ఎవరిది, స్టార్టర్ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్నవి రాతలో ఉండవు. కల్లం ఉమ్మడి, బండి బాట ఉమ్మడి, గట్టు మీద వేపచెట్టు ఉమ్మడి. ఆ వేపచెట్టు కొట్టేసిన రోజే అసలు భాగాలు అయినట్టు.

ఆడబిడ్డల వాటా అంటే ఒకప్పుడు పసుపు కుంకుమల కింద తండ్రి దయతలిచి ఇచ్చే ఎకరమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేట్టు చట్టం తెచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కాగితం మీద మనం ఇరవై ఏళ్ళు ముందున్నాం. కానీ భాగాల రోజున ఆడబిడ్డను పిలిచేది తరచూ సంతకానికే. అన్నదమ్ములతో పుట్టింటి రాకపోకలు తెగిపోతాయని ఆమె సంతకం పెట్టి వస్తుంది. కోర్టుకు పోయేవాళ్ళు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు.

ఇల్లు కూడా ఆస్తే. పాత మట్టి మిద్దెలు ఇంకా నిలబడి ఉన్న ఊళ్ళు జమ్మలమడుగు పక్క చాలా కనపడతాయి. మొద్దు దూలాలు వేసి, వాటి మీద అడ్డంగా దంతెలు పరిచి, పైన నాపబండలు కప్పి, వాటి మీద మట్టి తొక్కి, చివరగా చౌడు పోస్తారు. నడింట్లో వెలుతురుకు పైకప్పులో ఒక గవాచి. వాన పడితే దాని మీద బండ మూయాలి. ఏటా వానలకు ముందు చౌడు గంపలతో మోసి మిద్దె మీద పరవాలి, లేకపోతే ఆ వానాకాలం ఇల్లంతా గిన్నెలు పెట్టుకోవాల్సిందే. ఎండాకాలం ఆ ఇంట్లో పడుకున్నవాడికి స్లాబు ఇల్లు పొయ్యిలా తోస్తుంది. అయినా పిల్లనిచ్చేవాళ్ళు అడిగేది స్లాబు ఉందా అనే. ఎర్రగుంట్ల చుట్టూ భూమిలోంచి పొరలు పొరలుగా తీసే నల్ల నాపరాయి దేశమంతా కడప బండ పేరుతో పోతుంది. ఇక్కడ మాత్రం అరుగుకూ, గాటిపాటకూ, చేని గట్టుకూ అన్నిటికీ అదే.

నీళ్ళ లెక్కన చూస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ మూడు సీమలు. ప్రొద్దుటూరు పక్క కె.సి. కాలువ కింద వరి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళను మలిపి కడప దాకా తెచ్చే ఆ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సరుకు పడవలు కూడా నడిపి లాభాలు గుంజుదామని వాళ్ళ ఆశ. లాభం రాలేదు. 1882లో సర్కారు కొనేసింది. జమ్మలమడుగు, పెద్దముడియం, ముద్దనూరు పక్కంతా నల్లరేగడి. అక్కడ వానకు నేల నానితే చాలు, ఆ పదునులోనే బుడ్డ శనగ వేసి, మంచుకే పండించుకుంటారు. కుందూ నది పొంగితే మాత్రం పెద్దముడియం, రాజుపాళెం చేలు చెరువులవుతాయి. కరువు సీమలో వరద నష్టం రాయించుకోవడానికి లైన్లో నిలబడే విచిత్రం అక్కడ చూడొచ్చు.

పులివెందుల పక్క ఎర్రనేల, రాళ్ళు, చీని తోటలు, అరటి తోటలు. అంతా బోర్ల మీదే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగే మనిషి మొదట వస్తాడు. కాయ లేచి నిలబడినచోట పాయింటు. తర్వాత బోరు లారీ. అడుగుకు ఇంత అని బేరం. మూడు వందల అడుగులకు దుమ్ము, నాలుగు వందలకు తడి మట్టి, ఐదు వందలకు రైతు పెళ్ళాం లోపలికి పోయి కూర్చుంటుంది. నీళ్ళు పడకపోతే రైతు ఇంకో చోట వేయిస్తాడు. దీన్ని జూదం అనడం సులభం. తోట ఎండిపోతుంటే చేతులు కట్టుకుని చూడటం ఎంత కష్టమో పదేళ్ళు పెంచిన చీని చెట్టును నరికినవాడికి తెలుస్తుంది. 2002లో వాల్టా చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంది. 2003లో డ్రిప్పు పథకం వచ్చింది. 2004 మే 14న పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టారు. కరెంటు బిల్లు పోయింది, బోర్ల లోతు పెరిగింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు అవుకు మీదుగా గండికోటకూ, అక్కడి నుంచి ఎత్తిపోసి పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికీ రావడం మొదలయ్యాక గానీ ఆ పక్క భూగర్భజలం తెరిపిన పడలేదు.

ఆ నీళ్ళతో పండిన అరటి ఎంత దూరం పోతుందంటే, 2020 జనవరిలో తాడిపత్రి స్టేషను నుంచి ముంబయి పక్కన ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు శీతల కంటైనర్లతో ప్రత్యేక రైలే కదిలింది. అనంతపురం, కడప జిల్లాల అరటి అందులో గల్ఫ్ దేశాల దారి పట్టింది. తమాషా ఏమిటంటే ఆ కాయ పండించిన పులివెందులకు ఇప్పటికీ రైలు లేదు.

రైలు విషయంలో ప్రొద్దుటూరు ఓపికను మెచ్చుకోవాలి. మద్రాసు నుంచి రాయచూరు పోయే లైను ఎర్రగుంట్ల మీదుగా 1871 నాటికి పూర్తయింది. ప్రొద్దుటూరు అక్కడికి కూతవేటు దూరమే, కానీ పెన్న నది అడ్డం. పత్తికీ బంగారానికీ పేరుపడి రెండో బొంబాయి అనిపించుకున్న ఊరి వ్యాపారులు తరతరాలు ఎర్రగుంట్లలో దిగి బండ్లు ఎక్కారు. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె మీదుగా నంద్యాలకు 123 కిలోమీటర్ల లైను పూర్తయి ప్రయాణికుల రైలు నడిచింది 2016లో. అప్పటికి జనానికి బస్సులూ ఆటోలూ అలవాటైపోయాయి. రైలు వేళకు పొలం పని ఆగదు.

పల్లెకు అసలు దిక్కు ఎర్రబస్సూ, సెవెన్ సీటర్ ఆటో. ఆటో ఏడుగురి కోసం చేసిందే గానీ పత్తి తీతకు కూలీలు పోయే రోజుల్లో పదిహేను మందికి తక్కువ ఎక్కితే డ్రైవరు కదిలించడు. వెనక సద్ది గిన్నెలు వేలాడుతుంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అంతకుముందు చాలామంది ఆడవాళ్ళు ఆస్పత్రికో తిరునాళ్ళకో తప్ప బస్సెక్కేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆకుకూరలు, గోంగూర కట్టలు గంపకెత్తుకుని ప్రొద్దుటూరు మార్కెట్టుకు పోయి మధ్యాహ్నానికి తిరిగొస్తారు. ఛార్జీ మిగిలితేనే లాభం అయ్యే వ్యాపారం అది.

ప్రొద్దుటూరుకు మోసుకుపోయే ఇంకో సరుకు బంగారం. విత్తనం వేసే నెలలో ఇంటావిడ మెడలోది కుదువకు పోతుంది. పంట అమ్మిన నెలలో విడిపించుకుంటారు. భూమి కుదువ పెడితే ఊరంతా తెలుస్తుంది, పిల్ల సంబంధాలకు అడ్డమొస్తుంది. గాజులు చీర కొంగులో కట్టుకుని పోతే బస్సులో పక్క సీటువాడికి కూడా తెలియదు. ఈ పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళకు నిజంగా తమదనుకునే ఆస్తి ఇదొక్కటే. అదే ముందుగా కదులుతుంది.

టికెట్ లేకుండా తిరిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎండాకాలం పులివెందుల పక్క మేత అయిపోతే గొర్రెల కాపర్లు మందలు తోలుకుని కాలువ కింది పొలాలకు దిగుతారు. కోత అయిన మళ్ళలో రాత్రికి మంద నిలిపితే ఎరువు. దానికి రైతు రాత్రికింత అని ఇస్తాడు, గింజలో డబ్బో. ఒక కాపరి మందను తన మడిలో ముందు నిలపాలని రైతులు బతిమాలుకునే వారాలు ఉంటాయి. సెంటు భూమి లేనివాడు అక్కడ బేరం ఆడతాడు.

దూర ప్రయాణం అంటే కువైట్. రాయచోటి, రాజంపేట పక్కంత కాకపోయినా పులివెందుల, ప్రొద్దుటూరు పల్లెల నుంచి కూడా డ్రైవర్లుగా, ఇళ్ళలో పనులకు పోయినవాళ్ళున్నారు. వాళ్ళు పంపిన డబ్బుతో లేచిన మేడలో అమ్మానాయన కింది గదిలో ఉంటారు, పై అంతస్తు తాళం వేసి ఉంటుంది. కొడుకు తిరిగొచ్చాక ఉండేందుకు.

ఆస్తీ ఊరూ రెండూ కలిసి కదలాల్సి వస్తే ఏమవుతుందో గండికోట జలాశయం చూపించింది. దాని నిలువ 26.85 టీఎంసీలు. పెన్న గండిలో నీళ్ళు నిలిపితే వెనక కొండాపురం మండలంలో పల్లెలు మునిగాయి. తాళ్ళప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊరు 2020లో నీళ్ళు ఇళ్ళ ముందుకొచ్చాక ఖాళీ చేయాల్సి వచ్చింది. పులివెందుల తోటలకు ఎక్కిన నీళ్ళు ఈ ఊళ్ళ మీదుగా ఎక్కినవే. మునకలో ఇళ్ళు వదిలేవాళ్ళు తలుపులు, ద్వారబంధాలు, దూలాలు ఊడదీసి ట్రాక్టర్లకు ఎత్తుకుంటారు. సర్కారు లెక్కలో మట్టి మిద్దెకు ఒక వెల, స్లాబుకు ఒక వెల. గవాచికీ, అరుగుకూ, ఉమ్మడి వేపచెట్టు నీడకూ కాలమ్ లేదు. అన్నిటికంటే ఎక్కువ పేచీ వచ్చింది పిల్లల వయసు దగ్గర. పద్దెనిమిది నిండిన కొడుకును వేరే కుటుంబంగా లెక్క వేసి విడిగా పరిహారం ఇవ్వాలి. ఏ తేదీకి నిండి ఉండాలి? జాబితా రాసిన ఏడుకా, ఊరు ఖాళీ చేసిన ఏడుకా? రెంటికీ మధ్య ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యలో పెద్దవాళ్ళైన పిల్లలు పదో తరగతి సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడ్డారు.